కోడి రామమూర్తి: ఏనుగును చూచితిమి, పాఠమును మరచితిమి

అలిపిరిలో పాదాల మండపము కడ ఒక ఉదయము నిలిచి, కొండనెక్కు జనమును చూచువారికి మానవ శరీరమును గూర్చి గ్రంథములు చెప్పని సంగతులు కొన్ని తెలియవచ్చును. అచటినుండి తిరుమలకు 3550 మెట్లు. సుమారు 9 కిలోమీటర్ల దారి. కండలు తిరిగిన యువకుడొకడు మొదటి మెట్లను రెండేసి చొప్పున పరుగున దాటును. గాలిగోపురము కనబడకమునుపే మోకాళ్లపై చేతులానించి రొప్పుచు నిలిచిపోవును. వాని వెనుకనే అరువదియేండ్ల రైతుటాలొకతె, నెత్తిన చిన్న మూటతో, చెప్పులు లేని పాదమును మెట్టుపై పూర్తిగా మోపుచు, తొందరపడక, మాటలాడక, ఆగక సాగిపోవును. కడపటి మోకాళ్ల మెట్టును ఆమె ఎక్కునప్పటికి యువకుడు ఇంకను మధ్యదారిలో సోడా త్రాగుచుండును. ఆ మోకాళ్ల పర్వతము కడనే బాలుడైన అన్నమాచార్యుడు డస్సి పడిపోయెనని ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్ర చెప్పుచున్నది. కావున ఈ మెట్లు నిన్న మొన్నటి పరీక్షాధికారులు కావు.

ఆ యువకునికి లేనిదేమి? ఆ వృద్ధురాలికి కలదేమి? బలము కాదు, బలమున వాడే అధికుడు. ఆమెకు తన శరీరము తెలియును. ఏ అడుగునకు ఎంత శ్వాస కావలెనో, బరువు ఏ కాలిపై ఎప్పుడు వాలవలెనో ఆమె దేహమునకు తెలియును. ఈ తెలివి లేని కండ, సారథి లేని గుర్రపుబండి వంటిది.

ఈ సత్యమును తన జీవితమంతయు ప్రదర్శించిన ఆంధ్రుడొకడు కలడు. ఆయన పేరు ఎరుగనివారు మనలో అరుదు. అయినను ఆయన పేరు చెప్పగానే మనకు జ్ఞప్తికి వచ్చునది రొమ్ముపై నిలిచిన ఏనుగు; ఆయన నేర్పదలచిన పాఠము కాదు. కలియుగ భీముడని ఖ్యాతిగాంచిన కోడి రామమూర్తి నాయుడు 1942 జనవరిలో కన్నుమూసెను. ఇన్ని సంవత్సరముల తరువాతనైనను ఆ పాఠమును వెదకి చూచుట మనకు ధర్మము.

రామమూర్తి నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున, 1880 దాటిన తొలి వత్సరములలో జన్మించెను. ఆ కాలమెట్టిదో తెలిసిననే ఆయన జీవితము అర్థమగును. 1881 నుండి 1885 వరకు మద్రాసు సేనకు రాబర్ట్సు దొర సేనానిగా ఉండెను. దక్షిణదేశపు సిపాయి యుద్ధమునకు తగడనియు, వీరజాతులు ఉత్తరమున మాత్రమే కలవనియు ఆయన నిశ్చయము. పిమ్మట ఆయనయే యావద్భారత సేనాధిపతి అయ్యెను. తెలుగు పటాలములు క్రమముగా తగ్గింపబడెను. క్లైవు నాటినుండి ఆంగ్లేయుల యుద్ధములలో నెత్తురు కార్చిన తెలుగు సిపాయికి ఒక తరములో వీరుడను పేరు పోయెను. పరులు మనలను దుర్బలులనుట ఒక అవమానము. ఆ మాటను మన విద్యావంతులే నమ్మసాగుట అంతకంటె పెద్ద అవమానము. కచేరీ ఉద్యోగమునకు చదువుకొను బాలుడు కసరత్తు చేయుట మోటుదనమనియు, సాముగరిడీలు నౌకరులకును పాలెగాండ్ర బంట్లకును తగినవనియు ఆ కాలపు పెద్దలు తలచిరి. గుమాస్తాకు వంగిన వెన్ను ఒక అలంకారమయ్యెను.

రామమూర్తి తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్ననాటనే గతించెను. తల్లిలేని బాలుడు చదువునందు మనసు నిలుపక తిరుగుచుండగా తండ్రి అతనిని విజయనగరములో పోలీసు ఉద్యోగిగా ఉన్న తన సోదరుడు నారాయణస్వామి నాయుని ఇంటికి పంపెను. పినతండ్రి చేసిన మేలు ఒక్కటే. కాని అది గొప్ప మేలు. బాలుని తబ్బిబ్బులను దండించి ఊరకొనక, వానికి ఇష్టమైన తాలింఖానాకు పోనిచ్చెను. విజయనగరము సంగీతమునకెంత పేరు పొందెనో మల్లవిద్యకును అంత ఆదరమిచ్చిన సంస్థానము. అచటి గోదాలో రామమూర్తి శరీరము రూపు దిద్దుకొనెను.

గోదా అనగా మట్టి మాత్రమే కాదు. అది ఒక పాఠశాల. దండీలు తీయునప్పుడు తల మొదలు మడమ వరకు శరీరమంతయు ఒక్క అలవలె కదలును. భుజము, వెన్ను, తుంటి, చీలమండ ఒకదాని తరువాత నొకటి తమ వంతు పని చేసి తరువాతి దానికి అప్పగించును. బస్కీలు తీయువాడు తన బరువు మడమపై ఉన్నదో మునివ్రేళ్లపై ఉన్నదో ప్రతిసారియు తెలిసికొనును. కుస్తీ పట్టువాడు ఎదుటివాని చేతి ఒత్తిడిని బట్టి వాడు ఎటు త్రోయబోవునో, తన కాలు ఎచట తేలిపోవుచున్నదో కన్నులతో చూడకయే గ్రహింపవలెను. ఇందు ఒక్క అంగమును విడదీసి పెంచుట లేదు. అంగములన్నియు పరస్పరము మాటలాడుకొనుటయే అభ్యాసము. పాశ్చాత్య శాస్త్రము ఈ లోచూపునకు పేరు పెట్టినది తరువాతనే. కండరములయందును కీళ్లయందును గల నాడులు అవయవముల స్థితిని మెదడునకు ఎడతెగక తెలుపుచుండునని, అది చూపు వినికిడి వంటిదే మరియొక ఇంద్రియమని, ఇంగ్లాండు శాస్త్రజ్ఞుడు షెరింగ్టను 1906లో ప్రకటించెను. మన గోదాలలోని ఉస్తాదులు ఆ పేరెరుగరు. కాని ఆ ఇంద్రియమును పదును పెట్టుట వారి నిత్యకృత్యము.

ఇరువది యేండ్లు దాటునప్పటికి రామమూర్తి బలము ఊరిలో వింతగా చెప్పుకొనదగినంత పెరిగెను. టన్నున్నర బరువును రొమ్ముపై నిలుపుకొనువాడట. పిమ్మట అది మూడు టన్నులయ్యెనట. ఇచట సామాన్యుడైనవాడు ఆ బలముతో తృప్తిపడియుండును. రామమూర్తి అట్లు చేయలేదు. మద్రాసునకు పోయి సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొందెను. తిరిగి వచ్చి తాను చదివిన విజయనగరపు పాఠశాలలోనే పిల్లలకు వ్యాయామము నేర్పుచు ఉద్యోగము చేసెను. ఈ ఘట్టమును ఆయన చరిత్ర చెప్పువారు ఒక్క వాక్యముతో దాటివేయుదురు. మా అభిప్రాయమున ఆయన జీవితమునకు ఇదియే తాళపుచెవి. మల్లుడు బడిపంతులయ్యెను. తన దేహమున సహజముగా జరుగుదానిని మరియొకని దేహమున కలిగింపవలెనన్నచో, దానిని ముడి విప్పి చూడవలెను. ఎందుకు జరుగుచున్నది, ఏ క్షణమున ఊపిరి పీల్చవలెను, ఏ క్షణమున విడువవలెను అని విచారింపవలెను. బోధించినవాడే ఎరుగును.

బడిపంతులు సర్కసులోనికి ఏల పోయెను? పొట్టి పంతులు అను మిత్రుని ప్రోత్సాహమున రామమూర్తి సర్కసు సంఘమును స్థాపించెనని ప్రసిద్ధి. నాటికి ఒక తెలుగువాడు తన దేశపు వ్యాయామ విద్యను వేలమందికి చూపవలెనన్నచో వేరొక వేదిక లేదు. సభలలో దేహమును గూర్చి ఉపన్యసించిన వినువారు లేరు. టిక్కెట్టు కొని ఏనుగును చూడ వచ్చువారు కలరు. అంతకు కొలది కాలము క్రిందటనే, 1904-05లో, యూరపు బలశాలి శాండో భారతదేశమున పర్యటించి ప్రదర్శనలిచ్చెను. శాండో చిత్రపటములు, డంబెల్సు పట్టణములలో అమ్ముడుపోవుచుండెను. బలము కూడ సీమనుండి దిగుమతి కావలసిన సరకేనని జనము తలచు తరుణమున, వంగదేశ విభజనతో 1905లో స్వదేశీ ఉద్యమము చెలరేగెను. స్వదేశీ వస్త్రము వలెనే స్వదేశీ బలమును ప్రజలు కోరిరి. ఆ కోరికకు సమాధానముగా రామమూర్తి ఎదుట నిలిచెను. భారతీయ శాండో అని పత్రికలు పొగడిన ఆయన, నిజమునకు శాండో ఎరుగని విద్యతో వచ్చినవాడు.

ఆయన ప్రదర్శనలలో మూడు ముఖ్యములు. ఉక్కు గొలుసును రొమ్మునకు బిగించి కట్టించుకొని, ఊపిరి పూరించి తెంచుట ఒకటి. రెండు మోటారు బండ్లను త్రాళ్లతో ఇరుభుజములకు కట్టించుకొని, నడిపించినను కదలకుండ నిలుపుట రెండవది. వెల్లకిల పండుకొని రొమ్ముపై ఏనుగును నిమిషములకొలది నిలుపుకొనుట మూడవది. రాజప్రతినిధి మింటో ప్రభువు ఎక్కిన కారును సైతము త్రాటితో పట్టి ఆపెనని వాడుక.

ఇవి మాయలని కొందరు, దైవశక్తులని కొందరు అనుకొనిరి. రెండును కావు. ఆలోచించి చూడుడు. రెండు బండ్లు ఎదురెదురు దిక్కులకు లాగునప్పుడు నడుమనున్నవాడు రెండింటి బలములను కూడి మోయనక్కరలేదు. ఒకదానిని రెండవది ఆపుచుండును, అతడు నడుమ గొలుసు వలె తెగకుండ నిలువవలెను. బండి వేగమందుకొనక మునుపే పట్టు బిగియవలెను. లాగుడు మోచేయినుండి భుజమునకు, భుజమునుండి వెన్నుపూసకు ఒక్క గీతగా పోవలెను. ఆ గీత ఎచట వంకర పోయినను అచట కీలు విడిపోవును. ఏనుగు విషయము నిట్లే. బరువు బల్లమీదుగా పరచుకొని రొమ్మునకు దిగును. లోపల గాలి నిండి, కంఠము మూసికొని, ప్రక్కటెముకలు వంతెన కమానుల వలె బిగిసి నిలిచినంతసేపే ఆ వంతెన నిలుచును. ఒక్క క్షణము ముందు ఊపిరి జారిన ప్రాణము పోవును. ఇట్లు వివరించినంత మాత్రమున ఆయన గొప్పతనము తగ్గునా? తగ్గదు, పెరుగును. మాయ చేయువాడు ప్రేక్షకుని మోసగించును. రామమూర్తి తన ఎముకను, తన ఊపిరిని, తన క్షణమును ఎరిగి, ఆ ఎరుకపై ప్రాణమును పందెమొడ్డెను.

ప్రాణాయామమే తన బలమునకు మూలమని ఆయన ఎల్లెడల చెప్పుచుండెను. వాయుస్తంభన, జలస్తంభన విద్యలను సైతము ప్రదర్శించెనందురు. శాకాహారియనియు ప్రసిద్ధి. మాంసము తిననివాడు బలవంతుడు కాజాలడను ఇంగ్లీషు చదువుల మాటకు ఆయన దేహమే ప్రత్యుత్తరమయ్యెను.

కీర్తి వెల్లువ వలె వచ్చెను. పూనాలో లోకమాన్య తిలకు ఆయనను ఆదరించి మల్లమార్తాండుడని గౌరవించెనని చెప్పుదురు. కలకత్తాలో ఆయన ప్రదర్శనలు చూచి వంగ యువకులు వ్యాయామశాలలకు పరుగులిడిరి. వారిలో భవేంద్రమోహన సాహా అను యువకుడు రామమూర్తి సర్కసులో చేరి, ఆయన శిష్యుడై, పిమ్మట భీమభవానియను పేర దేశాంతరములందు ఖ్యాతి గాంచెను. బర్మా మొదలు సీమ వరకు రామమూర్తి సంఘము తిరిగెను. లండనులో అయిదవ జార్జి రాజదంపతుల ఎదుట ప్రదర్శనమిచ్చి భారత హెర్క్యులీసు అను బిరుదమందెనని ప్రతీతి. 1910లో గామా పహిల్వాను లండనులో జిబిస్కోతో తలపడి విజేతగా ప్రకటింపబడిన కాలమది. భారతీయుడు దుర్బలుడన్న సిద్ధాంతము దాని పుట్టినింటనే మట్టి కరచుచుండెను.

లక్షలార్జించిన ఆ చేయి నిలువచేయుట ఎరుగదు. అడిగినవారికి ఇచ్చెను, స్వదేశోద్యమములకిచ్చెను, వందలకొలది మనుష్యులను, మృగములను పోషించు సర్కసు మిగిలినదానిని మ్రింగెను. కడపటి దినములలో కాలికి వ్రణము పుట్టి, కాలు తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు నొల్లక ప్రాణాయామ నిబ్బరముతోనే శస్త్రచికిత్సకు ఓర్చెనని ఆయనను ఎరిగినవారు చెప్పుకొనిరి. మోటారు బండ్లను నిలిపినవాడు ఒంటికాలిపై నిలువవలసి వచ్చెను. స్వస్థానమునకు దూరముగా, ఒరిస్సాలో పట్నా సంస్థానపు రాజధానియైన బలంగీరులో 1942 జనవరి నెలలో, సంక్రాంతి దినములలో ఆయన ప్రాణవాయువు అనంతమున కలిసెను. స్వాతంత్ర్యము ఇంకను అయిదేండ్ల దూరమున ఉండెను.

ఇపుడు మనము చేసినదేమి? విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిపితిమి. శ్రీకాకుళములో క్రీడామైదానమునకు ఆయన పేరు పెట్టితిమి. ఇవి మంచి పనులే. కాని ఆయన పేర ఒక వ్యాయామ సంప్రదాయము నిలువలేదు. గోదాలు మూతపడెను, తాలింఖానాలున్న వీధులకు పేర్లు మాత్రమే మిగిలెను. ఇందు ఆయన లోపమును కొంత కలదని చెప్పక తప్పదు. ఆశ్చర్యము కొరకు వచ్చినవారు ఆశ్చర్యమునే ఇంటికి కొనిపోవుదురు. ఏనుగును చూచినవాడు, ఇది నావంటివానికి కాదు అని లేచిపోవును. బడిలో వంద మంది బాలురకు సరిగా నిలుచుట, సరిగా ఊపిరి పీల్చుట నేర్పిన ఒక్క సంవత్సరపు పని, వేయి ప్రదర్శనలకంటె దేశమునకు ఉపకారము చేసియుండవచ్చును. కాని ఆ బడిపంతులుకు నెలకు కొలది రూపాయలును అనాదరమును, సర్కసు మల్లునికి పల్లకీలును బిరుదములును ఇచ్చినవారు మనమే. కావున తప్పులో పెద్దపాలు మనదే. నేటికిని పెక్కు పాఠశాలలలో వ్యాయామపు గంట లెక్కల మాస్టరు అప్పు తీసికొను గంటగానే ఉన్నది కదా.

రామమూర్తి పాఠమును సామాన్యునికి అన్వయించిన ఎట్లుండును? ముందుగా ఒక హెచ్చరిక. ఊపిరి బిగబట్టి బరువు నిలుపు విద్య ఆయనది, మనది కాదు. అట్లు బిగబట్టినప్పుడు రక్తపు పోటు మిక్కిలి పెరుగునని వైద్యులు చెప్పుచున్నారు. గుండెజబ్బు, రక్తపు పోటు కలవారికి అది ప్రమాదము. ఆయననుండి మనము గ్రహింపవలసినది ఏనుగును కాదు. ఏనుగు ఎక్కకమునుపు ఆయన చేసిన వేల దినముల అభ్యాసమును. ఆ అభ్యాసమున మూడు మాటలు కలవు. ఊపిరిని గమనించుట, బరువు ఎచట ఉన్నదో ఎరుగుట, తొందర లేక ప్రతిదినము చేయుట.

వీనిని పరీక్షించుకొనుటకు అలిపిరి కంటె మంచి బడి లేదు. మాటలాడుచు ఎక్కగలిగినంత నిదానముగా బయలుదేరుడు. మాట తెగుచున్నచో వేగము మించినదని తెలియుడు. పాదమును అంచున కాక పూర్తిగా మెట్టుపై మోపి, బరువును ఆ కాలికి అప్పగించిన పిమ్మటనే రెండవ కాలు లేపుడు. నడుము వంగిన ఊపిరితిత్తులకు చోటుండదు. కావున వెన్ను నిలిపి చూపు ముందుంచుడు. దిగునప్పుడు మరింత జాగ్రత్త వలయును. ఎక్కునప్పుడు తొడకండరము ముడుచుకొనుచు పని చేయును; దిగునప్పుడు సాగుచు బరువును ఆపవలెను. మరునాడు కాళ్లు పట్టుకొనుటకు ఎక్కుటకంటె దిగుటయే ఎక్కువ కారణము. మోకాలిని రాయివలె బిగింపక, కొంచెము మడచి, మెట్టుపై మెల్లగా దిగినవాడు మరునాడు కుంటడు. ఈ అభ్యాసము కొండ కడనే మొదలిడనక్కరలేదు. ఇంటిలో దినమునకు పది బస్కీలు, అయిదు దండీలు, కొంతసేపు ఒంటికాలిపై నిలుచుట చాలును. వ్యాధిగ్రస్తులు మాత్రము వైద్యుని అడిగిన పిమ్మటనే మెట్టు త్రొక్కవలెను.

ఇది మోటుపని అని పట్టణపు పెద్దలును, ఇది పాలికాపుల పని అని భూస్వాములును తలచిన దినములు పోవలెను. పొలము గట్టున గొడుగు క్రింద నిలిచి నాట్లు చూచు రైతు, పది ఎకరములు నడువలేనప్పుడు ఆ పొలము ఆయనదా, పాలికాపుదా? కచేరీలో కుర్చీ నుండి లేచునప్పుడు నడుము పట్టుకొను ఉద్యోగి ఏ అధికారమును నిజముగా అనుభవించుచున్నాడు? తన దేహమునందే తనకు స్వామ్యము లేనివాడు ఇతర స్వామ్యములను ఎన్నాళ్లు నిలుపుకొనును? పరులు మనలను దుర్బలులన్న నాడు ఒక తల్లిలేని వీరఘట్టపు బాలుడు దానిని సహింపలేదు. నేడు ఆ మాట అను పరులు లేరు. అద్దమును, మెట్లును మాత్రము ఉన్నవి. అవి అబద్ధమాడవు.

అలిపిరిలో మెట్లు మొదలగు చోట ఎక్కువారు వంగి మొదటి మెట్టును ముట్టి కన్నులకద్దుకొందురు. ఆ వంగునప్పుడు నడుము ఎట్లు వంగుచున్నదో, మోకాలు ఎట్లు పట్టుచున్నదో, ఊపిరి ఎచట ఆగుచున్నదో ఒక్క క్షణము గమనించినచో చాలును. రామమూర్తి విద్యలో మొదటి పాఠము అదియే. తరువాతి పాఠములు 3549 కలవు, తొందర లేదు.